అబాబీల్, హవాబీల్, వానకోవెల: ఒక గోడపక్షి పేర్ల చరిత్ర

వ్యాససంగ్రహం:
గోడలకు, గుహలకు లాలాజలంతో గూడు అతికించుకొని, ఎగిరే పురుగులను తిని బతికే చిన్న పక్షుల కుటుంబాన్ని ఇంగ్లీషులో స్విఫ్ట్ అంటారు. ఆ కుటుంబంలోనే గుహల చీకటిలో నివసించే ద్వీపవాసి స్విఫ్ట్‌లెట్. హైదరాబాదు నగరంలో కనిపించే స్విఫ్ట్‌కూ, అండమాన్ గుహల్లోని స్విఫ్ట్‌లెట్‌కూ జనవ్యవహారంలో దాదాపు ఒకే పేరు ఉండడం ఈ వ్యాసానికి ఆధారం. ఆ పేరు నడిచిన దారిని, దాని పక్కన తెలుగులో ఏర్పడిన ఖాళీని, ఆ ఖాళీ పక్షి మనుగడపై చూపే ప్రభావాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: అబాబీల్, హవాబీల్, వానకోవెల, స్విఫ్ట్‌లెట్, కలివికోడి, ఇర్రమ్ మంజిల్, అండమాన్.

1. ఉపోద్ఘాతం

హైదరాబాదు నడిబొడ్డున పక్కపక్కనే ఉన్న అమీర్‌పేట, పంజాగుట్ట పేర్లలో రెండు భాషలు కలిసి ఉన్నాయి. అమీర్ అన్నది అరబ్బీ నుంచి పారశీకం, ఉర్దూల మీదుగా వచ్చిన మాట. పేట తెలుగువారి నోట స్థిరపడ్డ మాట. పంజాగుట్టలోని మొదటి సగం గురించి జనశ్రుతి పలు రకాలుగా ఉన్నప్పటికీ రెండవ సగం నిస్సందేహంగా తెలుగే. స్థలనామాల విషయంలో ఇంత ఉదారంగా ఇచ్చిపుచ్చుకొన్న ఈ నగరం, తన తలమీద ఎగిరే పక్షి విషయంలో మాత్రం ఆ పని పూర్తి చేయలేదు.

సాయంకాలం ఈ ప్రాంతపు మిద్దెల పైన, నల్లగా, కొడవలి వంపు రెక్కలతో, సన్నని గొంతుతో కీచుమంటూ గుంపుగా తిరిగే పక్షి ఇంటి స్విఫ్ట్. నడుము మీద తెల్లని పట్టీ దాని గుర్తు. ఇది తీగల మీద వాలదు. వాలలేదు కూడా. దాని నాలుగు వేళ్లూ ముందుకే ఉంటాయి కనుక కొమ్మను పట్టుకోవడం సాధ్యం కాదు. నిలువు గోడను గోళ్లతో పట్టుకొని వేలాడడం మాత్రమే దానికి తెలిసిన విశ్రాంతి. తిండి, నీరు, గూటికి కావలసిన ఈక, గడ్డిపోచ అన్నీ గాలిలోనే సంపాదించుకొంటుంది. విద్యుత్తు తీగల మీద వరుసగా కూర్చొని కనిపించేది వేరే పక్షి. దానిని ఇంగ్లీషులో స్వాలో అంటారు. చూపుకు రెండూ ఒకేలా ఉన్నా, శరీరనిర్మాణంలో స్విఫ్ట్‌కు స్వాలో కన్నా తేనెపిట్టలా పూలమీద నిలిచి ఎగిరే అమెరికా ఖండపు హమ్మింగ్‌బర్డ్ దగ్గరి చుట్టం.

తెలుగులో ఈ రెంటికీ కలిపి వినిపించే పేరు వానకోవెల. ఉర్దూలోనూ రెంటికీ అబాబీల్ అన్న ఒక్క పేరే. ఇక అమీర్‌పేటలో స్విఫ్ట్ అన్న మాట వినబడితే అది కారు పేరు కావచ్చు, మైత్రీవనం పరిసరాల్లోని శిక్షణ కేంద్రాల్లో నేర్పే కంప్యూటరు భాష పేరు కావచ్చు. పక్షి పేరు అయ్యే అవకాశం చాలా తక్కువ.

2. రెండు మాటలు

అబాబీల్ అన్న మాటకు మూలం ఖురాన్ 105వ అధ్యాయం. ఏనుగులతో మక్కా మీదికి దండెత్తి వచ్చిన అబ్రహా సేనను పక్షులు రాళ్లు విసిరి నాశనం చేసిన వృత్తాంతం అందులో ఉంది. అరబ్బీలో అబాబీల్ ఏ ఒక్క జాతి పక్షికీ పేరు కాదు. గుంపులు గుంపులుగా అని దాని అర్థం. ఆ మాటను ఉర్దూ వ్యవహర్తలు విశేషణంగా కాక పక్షి పేరుగా గ్రహించారు. ఎప్పుడూ గుంపుగానే తిరిగే, మసీదుల కమానుల కింద గూళ్లు కట్టే నల్లని పక్షికి ఆ పేరు అతికినట్టు సరిపోయింది. ఒక పొరపాటు నుంచి ఇంత ఔచిత్యం గల పేరు పుట్టడం భాషాచరిత్రలో అరుదేమీ కాదు.

వానకోవెల మాట మరొక దారిది. ఇందులోని కోవెల కోయిలకు రూపాంతరం. రూపంలో గాని, గొంతులో గాని ఈ పక్షికి కోయిలతో పోలిక లేదు. కనుక ఈ పేరులో బరువంతా వాన అన్న మొదటి పదం మీదే ఉంది. వానకు ముందు గాలి బరువెక్కి పురుగులు కిందికి దిగినప్పుడు వాటి వెంట ఈ పక్షులూ నేలకు దగ్గరగా వస్తాయి. రైతు చూసింది ఆ దృశ్యాన్ని. అంటే ఈ పేరు పక్షిని కాక ఒక ఘడియను గుర్తుపెట్టుకొన్నది. కోవెల అంటే గుడి అని కూడా అర్థం ఉన్నందున, గుడి చూరులో ఉండే పక్షి అన్న భావం కొందరి మనసులో మెదిలి ఉండవచ్చునుగాని అది వ్యుత్పత్తి కాదు.

ఫలితం ఏమిటంటే, చలికాలంలో ఉత్తరం నుంచి వచ్చిపోయే స్వాలో, ఏడాది పొడవునా ఇక్కడే ఉండే స్విఫ్ట్, తాటిమట్ట అడుగున గూడు అతికించుకొనే తాటి స్విఫ్ట్, అన్నీ ఒకే మాట కిందికి వచ్చాయి. తెలంగాణ పల్లెల్లో కల్లు గీసేవారికి ఈ చివరి పక్షి నిత్యం ఎదురయ్యేదే. ఎండి వేలాడే తాటాకును వెనక్కి తిప్పితే, ఈకలతో, లాలాజలంతో అతికించిన బొటనవేలంత గూడు కనిపిస్తుంది. ఎక్కేవారికి ఉన్న ఎరుక రాసేవారి నిఘంటువుకు చేరిందా అన్నది వేరుగా పరిశోధించవలసిన విషయం.

3. శాస్త్రం చేసిన పొరపాట్లు

స్వాలోను, స్విఫ్ట్‌ను కలిపివేయడం తెలుగుకో ఉర్దూకో మాత్రమే పరిమితమైన లోపం కాదు. 1758లో లిన్నేయస్ రెంటినీ హిరుండో అన్న ఒకే ప్రజాతిలో ఉంచాడు. ఆగ్నేయాసియా ద్వీపాల నుంచి వచ్చే తినదగిన గూళ్ల గురించి విని, ఒక స్విఫ్ట్‌లెట్‌కు తినదగినది అన్న అర్థంలో ఎస్క్యులెంటా అని పేరు పెట్టాడు. తరువాత తెలిసిందేమంటే ఆ పేరు దక్కిన పక్షి గూడు నాచు, గడ్డి కలిసినది. విపణిలో దానికి విలువ లేదు. నిజంగా తినదగిన తెల్లని గూడు కట్టే పక్షిని 1812లో థున్‌బర్గ్ జావా నుంచి వర్ణించి ఫ్యూసిఫాగా అన్నాడు. సముద్రపు నాచును తినేది అని ఆ మాటకు అర్థం. గూడు నాచుతో తయారవుతుందన్న అప్పటి నమ్మకం అందులో నిలిచిపోయింది. ఆ గూడు దాదాపు పూర్తిగా పక్షి లాలాజలమే. ఇక ఇంటి స్విఫ్ట్ ప్రజాతి పేరైన ఏపస్‌కు గ్రీకులో కాళ్లు లేనిది అని అర్థం. శాస్త్రీయనామాలు కూడా జానపదుల పేర్లలాగే చూసినదానిని, విన్నదానిని, పొరబడినదానిని కలిపి మోస్తాయి.

దక్షిణ భారతంలో గుహల్లో ఉండే స్విఫ్ట్‌లెట్‌ను శాస్త్రలోకానికి పరిచయం చేసినవాడు థామస్ కావర్‌హిల్ జెర్డన్. మద్రాసు సైన్యంలో వైద్యుడైన ఆయన 1840లో, నీలగిరులలో దొరికిన పక్షి ఆధారంగా దానిని వర్ణించాడు. ఆయనా దానిని హిరుండోలోనే చేర్చాడు. ఈ జాతి పడమటి కనుమల్లోను, శ్రీలంకలోను ఉంటుంది. తెలుగు నేల మీద ఇది నివాసి కాదు. అయినా జెర్డన్ తెలుగువారికి పరాయివాడు కాడు. నెల్లూరులో సివిల్ సర్జనుగా పనిచేసిన కాలంలో అక్కడి యానాదుల నుంచి అడవి జంతువుల, పక్షుల సమాచారం సేకరించాడు. 1862–64 మధ్య వెలువడిన భారతదేశపు పక్షుల గ్రంథంలో పక్షి పక్షికీ దొరికినమేరకు తెలుగు పేర్లను నమోదు చేశాడు.

ఆ నమోదు విలువ ఎంతటిదో చెప్పడానికి కలివికోడి చాలు. జెర్డన్ పేరుతోనే ప్రపంచానికి తెలిసిన ఈ పక్షి 1900 తరువాత ఎవరికీ కనిపించలేదు. అంతరించిందని భావించారు. 1986 జనవరిలో కడప జిల్లా లంకమల ప్రాంతంలో అది మళ్లీ దొరికింది. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పరిశోధకుడు భరత్ భూషణ్ బొమ్మలు పట్టుకొని ఊరూరా తిరిగినప్పుడు, పిట్టలు పట్టే స్థానికులకు ఆ పక్షి ఎరుకలోనే ఉంది. శాస్త్రం పోయిందనుకొన్న పక్షికి ఊరిలో పేరు పోలేదు. తరువాతి కాలంలో దాని ఆవాసాన్ని కాపాడేందుకు తెలుగు గంగ కాలువ దారిని మార్చవలసి వచ్చింది. చాలా అరుదైన పక్షికి తెలుగులో తనదైన పేరుండడం, అందరి కళ్లెదుటా ఉన్న పక్షికి లేకపోవడం గమనించదగిన వైపరీత్యం.

హైదరాబాదు సంస్థానం విషయానికి వస్తే, 1931లో సాలిం అలీ ఇక్కడి పక్షుల సర్వేకు పూనుకొన్నాడు. ఉద్యోగం లేక, ఖర్చులు మాత్రం భరిస్తే చాలునన్న షరతుతో సంస్థానాల పక్షులను సర్వే చేస్తానని ఆయన ముందుకు వచ్చినప్పుడు మొదట అంగీకరించినది నిజాం ప్రభుత్వం. ఫలితాలు 1933–34లో బొంబాయి సొసైటీ పత్రికలో హ్యూ విస్లర్ వివరణలతో అచ్చయ్యాయి. అప్పటికి అమీర్‌పేట నగరం అంచున తోటలతో, జాగీరు భూములతో ఉన్న చోటు.

4. అండమాన్‌లో హవాబీల్

తినదగిన గూడు కట్టే స్విఫ్ట్‌లెట్ భారతదేశంలో అండమాన్ నికోబార్ ద్వీపాలకే పరిమితం. 1873లో ఆ ద్వీపాలకు వెళ్లిన ఏ.ఓ. హ్యూమ్, అక్కడి ఉపజాతిని ఊహించనిది అన్న అర్థం వచ్చే పేరుతో వర్ణించాడు. పన్నెండేళ్ల తరువాత కాంగ్రెసు స్థాపనలో ప్రధానపాత్ర వహించిన హ్యూమే ఈయన. సున్నపురాతి గుహల లోపల, చేతికి చేయి కనిపించని చీకట్లో, ఈ పక్షి నోటితో టిక్కుటిక్కుమనే శబ్దం చేస్తూ, దాని ప్రతిధ్వనిని బట్టి దారి తెలుసుకొంటుంది. గబ్బిలం చేసే శబ్దం మనిషి చెవికి అందదు. స్విఫ్ట్‌లెట్ శబ్దం స్పష్టంగా వినిపిస్తుంది. బయట వెలుగులో అడవి మీద పురుగులు వేటాడి, రాత్రికి గుహ గోడకు తిరిగి వస్తుంది.

ఆ ద్వీపాలలో ఈ పక్షిని జనం హవాబీల్ అంటారు. ఇది అబాబీల్ మాటే అన్నది రూపసామ్యం వల్ల తేటతెల్లం. ఖైదీలుగా, సిపాయిలుగా, తరువాత కూలీలుగా, కాందిశీకులుగా ప్రధానభూభాగం నుంచి వెళ్లినవారి హిందుస్తానీ అక్కడ ఉమ్మడి భాష అయింది. ఆ భాషలో అబాబీల్ మొదటి అక్షరం దగ్గర హవా, అంటే గాలి, వచ్చి చేరింది. గాలిలోనే బతికే పక్షికి గాలి పేరు వచ్చింది. అరబ్బీలో గుంపు, ఉర్దూలో పక్షి, అండమాన్‌లో గాలిపక్షి: ఒక్క మాట మూడు మజిలీలు చేసింది. ఉత్తరాంధ్ర తీరం నుంచి, ముఖ్యంగా శ్రీకాకుళం, విశాఖపట్నం జిల్లాల నుంచి వెళ్లి స్థిరపడిన తెలుగువారు ఆ ద్వీపాలలో గణనీయంగా ఉన్నారు. వారి పిల్లలు వానకోవెల కన్నా ముందు హవాబీల్ అన్న మాట వినే అవకాశమే ఎక్కువ.

ఆ పక్షి గూడుకు చైనా వంటకాలలో, వైద్యంలో శతాబ్దాలుగా గిరాకీ ఉంది. గూడును నానబెట్టి, ఈకలు ఏరి, పులుసుగా కాచి తాగుతారు. కిలోకు పలికే ధర వెండితో పోల్చదగినంతగా ఉండడం వల్ల గుడ్లు పెట్టకముందే గూడు పీకడం, పక్షి మళ్లీ కట్టడం, దానినీ పీకడం సాగింది. పక్షి అలసిపోయేదాకా, లేదా గుడ్లూ పిల్లలూ నేలరాలేదాకా ఇది నడిచేది. 1990 దశకం మధ్యలో సాలిం అలీ పక్షి, ప్రకృతి పరిశోధన కేంద్రానికి చెందిన రవి శంకరన్ ద్వీపాలన్నీ తిరిగి వందలాది గుహలను పరిశీలించాడు. పదేళ్లు తిరగకుండానే ఈ పక్షుల సంఖ్య ఎనభై శాతానికి పైగా తగ్గిందని 2001లో ప్రచురించాడు.

ఆ తరువాత ఆయన చేసినది పక్షిశాస్త్రంలో కన్నా సామాజిక చరిత్రలో చెప్పుకోవలసిన పని. ఏ గుహ ఎక్కడుందో, ఏ పగులులో ఎన్ని గూళ్లున్నాయో, ఏ నెలలో గుడ్లు పొదుగుతాయో అటవీశాఖ దస్త్రాలకన్నా గూళ్లు దొంగిలించేవారికే బాగా తెలుసు. ఉత్తర అండమాన్‌లోని చాలిస్ ఏక్ గుహల దగ్గర అలాంటివారినే కాపలాదారులుగా నియమించి అటవీశాఖతో కలిసి రక్షణ మొదలుపెట్టారు. పిల్లలు ఎగిరిపోయిన తరువాత ఖాళీ గూడును తీసి అమ్మితే పక్షికి నష్టం లేదు, మనిషికి కూలి దొరుకుతుంది అన్నది ఆ ప్రణాళికలోని లెక్క. కాపలా ఉన్న గుహల్లో పక్షులు పెరిగాయి. మధ్యలో చట్టమే అడ్డుపడింది. వన్యప్రాణి సంరక్షణ చట్టంలో అత్యధిక రక్షణ ఇచ్చే మొదటి షెడ్యూలులో ఈ పక్షిని చేర్చడంతో ఖాళీ గూడు అమ్మకమూ నేరమైంది. కాపలాదారుకు వచ్చే ఆదాయానికి దారి మూసుకుపోయింది. దానిని ఆ జాబితా నుంచి తీయించడానికి కొన్నేళ్లు పట్టింది. రవి శంకరన్ 2009 జనవరిలో, నలభై అయిదేళ్లు దాటీ దాటకుండానే మరణించాడు. కఠినమైన రక్షణ ఎప్పుడూ మేలైన రక్షణ కాదన్న సంగతిని ఇంత సూటిగా చూపిన ఉదాహరణ భారతీయ వన్యప్రాణి చట్టాల చరిత్రలో ఎక్కువగా కనిపించదు.

జావాలో ఇంకొక రకం చరిత్ర నడిచింది. 19వ శతాబ్దం చివరికే అక్కడ స్విఫ్ట్‌లెట్లు గుహలు వదిలి పాడుబడ్డ ఇళ్లలోకి రావడం, ఇంటివారు వాటిని తరమక చీకటిగా ఉంచి గూళ్లు అమ్ముకోవడం మొదలైంది. నేడు ఇండొనేషియా, మలేషియా పట్టణాలలో కిటికీలు లేని, చిన్న కంతలు మాత్రమే ఉన్న ఎత్తైన కట్టడాలు కేవలం ఈ పక్షుల కోసమే లేస్తున్నాయి. పసిఫిక్ మహాసముద్రంలోని కుక్ దీవులలో, అటియు అనే ఒక్క దీవికే పరిమితమైన గుహవాసి స్విఫ్ట్‌లెట్ ఉంది. దానిని శాస్త్రం వర్ణించినది 1974లోనే. దీవి ప్రజలకు మాత్రం అది ముందునుంచీ కొపెకా. దాని గూటికి విలువ లేదు, అయినా దానికి సొంత పేరుంది. పేరు రావడానికి బజారు ధర అవసరం లేదని కొపెకా చెబుతుంది.

5. ఇర్రమ్ మంజిల్ గోడలు

హైదరాబాదులోని ఇంటి స్విఫ్ట్ గూటిని ఎవరూ తినరు. ఈకలు, గడ్డి, దూది, కాగితపు పీలికలు లాలాజలంతో కలిసి గట్టిపడ్డ ముద్ద అది. ఒకదానికొకటి ఆనించి పదులకొద్దీ కడతాయి. గుడ్ల కాలం ముగిసినా రాత్రి నిద్రకు ఏడాదంతా ఆ గూళ్లనే వాడుకొంటాయి. కనుక దీని గూటిని తీసేది వ్యాపారి కాదు, సున్నం వేసే కూలి. అండమాన్‌లో గూడు సరుకు, ఇక్కడ చెత్త. రెండు చోట్లా పక్షికి జరిగేది ఒకటే.

ఈ పక్షికి కావలసింది వంపు తిరిగిన పైకప్పు, గరుకు గార, మనిషి చేయి అందని ఎత్తు. కొండ చరియల నుంచి, గుహల ముఖద్వారాల నుంచి కోటల్లోకి, సమాధి మందిరాల్లోకి, దేవిడీల్లోకి ఇది అందుకే వచ్చింది. నున్నని అద్దపు గోడకు ఏదీ అతకదు. వంతెనల అడుగుభాగాలను ఇవి వాడుకొంటాయన్నది నిజమే. కాని అమీర్‌పేట, పంజాగుట్టలలో గత ఇరవై ఏళ్లుగా పెరిగినవాటిలో వంతెనలకన్నా అద్దాల ముఖాలే ఎక్కువ.

పంజాగుట్ట పక్కనే ఉన్న ఇర్రమ్ మంజిల్ ఈ సందర్భంలో ప్రస్తావించదగినది. నవాబ్ ఫక్రుల్‌ముల్క్ గుట్టమీద కట్టించిన ఈ సౌధం పేరుకు ఒక కథ ఉంది. ఆ గుట్టను తెలుగువారు ఎర్రటి నేలను బట్టి పిలిచేవారని, దానికి ధ్వనిలో దగ్గరగా ఉండేలా పారశీకంలో స్వర్గోద్యానం అన్న అర్థం గల ఇరం అన్న మాటను నవాబు ఎంచుకొన్నాడని చెబుతారు. తెలుగు చెవికి ఎరుపు, పారశీక చెవికి స్వర్గం. వానకోవెలకూ అబాబీల్‌కూ జరగని కలయిక ఒక గుట్టకు జరిగింది. 2018 సెప్టెంబరు 24న అమీర్‌పేట నుంచి ఎల్బీనగర్ వరకు మెట్రో మొదలైనప్పటి నుంచి ఆ పేరు పంజాగుట్ట తరువాతి స్టేషను పలకమీద కనిపిస్తున్నది.

2019 జూన్‌లో కొత్త శాసనసభ భవనానికి ఆ స్థలంలో శంకుస్థాపన జరిగింది. పాత సౌధాన్ని కూల్చాలన్న మంత్రివర్గ నిర్ణయాన్ని అదే సంవత్సరం సెప్టెంబరు 16న తెలంగాణ హైకోర్టు రద్దు చేసింది. ఆ వివాదంలో బహిరంగంగా నడిచిన చర్చ వాస్తుశైలి, నవాబుల చరిత్ర, వారసత్వ కట్టడాల నిబంధనల చుట్టూ తిరిగింది. అది సహజం. వారసత్వ నిబంధనలు గోడను, తోరణాన్ని, గారపనిని గుర్తిస్తాయి. గోడను ఆనుకొని బతికే ప్రాణిని గుర్తించే నిబంధన వాటిలో లేదు. కట్టడం నిలిచినంత మాత్రాన గూడు నిలవదు. మరమ్మతు మొదలైన రోజు, పరంజా ఎక్కినవారి చేతిలోని గీకుడు చిప్ప మొదట తీసేది చూరు కింద నల్లగా పేరుకొన్న ఆ ముద్దలనే.

అండమాన్ అనుభవంలో ఇక్కడికి తెచ్చుకోదగినది కాపలా కాదు, క్రమం. పిల్లలు ఎగిరిపోయాక గూడు తీయడం అక్కడ కుదిరింది. అదే క్రమాన్ని పాత కట్టడాల సున్నం పనికి, గార మరమ్మతుకు పాటించడానికి పెద్ద ఖర్చేమీ లేదు. పని అంచనా పత్రంలో ఫలానా నెలల్లో చూరు కింద పని చేయరాదని ఒక వాక్యం రాస్తే సరిపోతుంది. ఇంగ్లీషులో రాస్తే స్విఫ్ట్ అంటే చాలు. ఉర్దూలో అబాబీల్ అన్నా పాతనగరపు మేస్త్రీకి వెంటనే తెలుస్తుంది. తెలుగులో వానకోవెల అని రాస్తే, పని చేయించే గుత్తేదారు తీగమీద వాలిన పక్షిని చూసి, చూరు కింది గూళ్లు దానివి కావని తీసివేసే వీలుంది.